ముందు గుమ్మం చూడండి, తర్వాత జారుడుబల్ల

మొన్న స్టాఫ్ రూమ్‌లో ఒక సహోద్యోగి అడిగారు. "మేడమ్, మీరు మీ బాబుని తిప్పుతుంటారు కదా, చిన్నపిల్లలకు మంచి ఇండోర్ ప్లే జోన్ ఏదో చెప్పండి. మా పాపకు మూడో పుట్టినరోజు వస్తోంది."

ఒక పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. గుంటూరు, విజయవాడ కలిపి ఐదు చూశాను. కానీ ఏ పేరూ నోటికి రాలేదు. "రాసి పెడతాను సార్, చదవండి" అన్నాను. ఆయన నవ్వారు. "ప్లే జోన్ మీద కూడా వ్యాసమేనా మేడమ్?"

అవును సార్, వ్యాసమే. నిరుడు మే నెల నుంచి లోపల నానుతున్న వ్యాసం. ఈ వరుసలో ఇప్పటిదాకా సిలబస్ గురించి రాశాను, హాస్టళ్ల గురించి రాశాను, అద్దె ఇళ్ల గురించి రాశాను. ఈసారి పిల్లల ఆట.

ముందే చెప్తున్నా, నేను ప్లే జోన్లకు శత్రువుని కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మాది. నాలుగేళ్ల పిల్లాణ్ని మధ్యాహ్నం బయటికి వదిలేదెక్కడ? అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్లు, ముందు రోడ్డు, వెనక డ్రైనేజీ. "మా చిన్నప్పుడు ఇవన్నీ ఉన్నాయా? ఊరంతా మాకు ఆటస్థలమే" అని రాసుకునే పెద్దలుంటారు. అయ్యా, అమ్మా, ఊరంతా మీకు ఆటస్థలం. మాకు కాదు. మా పల్లె పిల్లలం తొక్కుడుబిళ్ల ఆడింది కాలవ గట్టు మీద. నున్నటి బండలు పరిచిన గుడి ఆవరణ ఊళ్లో ఉండేది. మా బంతి అందులో పడితే బంతిని మర్చిపోవడమే. అందుకే డబ్బు కట్టి లోపలికి వెళ్లే చోటంటే మాలాంటి వాళ్లకు మొదట్లో ఒక ఆశ ఉంటుంది. టికెట్‌కు కులం ఉండదు కదా అని.

ఆ ఆశ సంగతి తర్వాత. సహోద్యోగి అడిగింది భద్రత గురించి కాబట్టి ముందు అదే చెప్తా.

మొదట చూడాల్సింది బయటికి వెళ్లే దారి. 2024 మే 25న రాజ్‌కోట్‌లో టీఆర్‌పీ గేమ్ జోన్ తగలబడింది. పిల్లలతో సహా 27 మంది చనిపోయారు. వేసవి సెలవులు, శనివారం, చవక టికెట్ ఆఫర్. లోపల ఒక పక్క వెల్డింగ్ పని జరుగుతోంది. దానికి అగ్నిమాపక శాఖ అనుమతే లేదు. గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని, ఇది మనుషులు చేసిన విపత్తు అంది. ప్లే జోన్లో ఉండేవన్నీ మంటకు ఇష్టమైనవే: స్పాంజి, రెగ్జిన్, ప్లాస్టిక్, థర్మోకోల్. కాబట్టి కౌంటర్ దగ్గర రెండో ద్వారం ఎక్కడని అడగండి. అడిగి వదిలేయకండి, నడిచి వెళ్లి చూడండి. తాళం వేసి ఉన్నా, అట్టపెట్టెలు అడ్డంగా పేర్చి ఉన్నా అది ద్వారం కాదు, గోడ. ఫైర్ ఎన్‌ఓసీ చూపించమంటే మొహం మాడ్చుకునే చోట పిల్లాణ్ని దించకండి.

రెండోది, వయసుల వారీ విభజన. మూడేళ్లలోపు పిల్లలకు విడిగా, తక్కువ ఎత్తులో, కంచెతో చోటు ఉండాలి. పదేళ్ల పిల్లలు పరుగెత్తే దారిలో రెండేళ్ల పిల్లను వదలడమంటే లారీలు తిరిగే రోడ్డు మీద వదిలినట్టే.

మూడోది సందులు. మెట్ల మధ్య, కడ్డీల మధ్య, వలకు ఫ్రేముకు మధ్య మూడున్నర అంగుళాల నుంచి తొమ్మిది అంగుళాల దాకా ఖాళీ ఉంటే ప్రమాదం. పిల్లల ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. మీ గుప్పిట పెట్టి చూస్తే తెలిసిపోతుంది. చిరిగిన వల, బయటికి పొడుచుకొచ్చిన బోల్టు, స్పాంజి ఊడిన ఇనప గొట్టం కనిపించాయంటే అక్కడ రోజూ చూసుకునే మనిషి లేడని అర్థం.

నాలుగోది ట్రాంపొలిన్. ఆరేళ్లలోపు పిల్లల్ని అసలు ఎక్కించొద్దని, ఎవరెక్కినా ఒకసారికి ఒక్కరే ఎగరాలని అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం చెబుతుంది. మన దగ్గర ఒక్కో దాని మీద ఎనిమిది మంది ఎగురుతుంటారు. ఫోన్లో వీడియో తీసుకోవడానికి బాగుంటుంది.

ఐదోది మనం ప్రేమ కొద్దీ చేసే తప్పు. పసిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడుబల్ల మీంచి జారకండి. పిల్ల కాలు అంచుకు తగిలి ఆగుతుంది, మన బరువు ఆగదు. మోకాలి కింద ఎముక విరుగుతుంది. ఒంటరిగా జారలేని పిల్ల ఆ బల్ల ఎక్కే వయసుకు రాలేదని అర్థం. అలాగే మెళ్లో గొలుసు, సిలువ డాలర్, తాయెత్తు, చున్నీ, టోపీ తాడు అన్నీ తీసేసి లోపలికి పంపండి. జారేటప్పుడు ఎక్కడైనా తగులుకుంటే ఉరి పడుతుంది.

ఆరోది రంగుబంతుల తొట్టి. 2019లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో ఉండే బంతుల తొట్లను పరీక్షించిన వాళ్లకు జబ్బు చేయగల సూక్ష్మజీవులు బోలెడు దొరికాయి. ఆసుపత్రి లాంటి చోటే అలా ఉంటే మన మాల్ సంగతి చెప్పేదేముంది? బంతులు ఎన్ని రోజులకోసారి కడుగుతారో అడగండి. "డైలీ" అంటే, "ఎవరు కడుగుతారు?" అని అడగండి. ఈ రెండో ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఏడోది, కౌంటర్లో సంతకం పెట్టించుకునే కాగితం. పిల్లకు ఏమైనా మాకు సంబంధం లేదని రాసి ఉంటుంది. సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ల నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. డబ్బు తీసుకుని ఇచ్చిన సేవలో లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అడగొచ్చు. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఉంచుకోండి.

ఇక్కడిదాకా చెప్పింది ఏ పేరెంటింగ్ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దొరకనిది ఇప్పుడు చెప్తా.

నిరుడు మే నెలలో ఒక ఆదివారం. మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. మనవడి ఆట చూస్తానంది. ఒక మాల్ పై అంతస్తులో ఉన్న ప్లే జోన్‌కు వెళ్లాం. పిల్లాడికి గంటకు 600, ఒక పెద్దవాళ్లు ఉచితం, రెండో పెద్దవాళ్లకు 150, సాక్సులకు 60. అమ్మ ఆఖరిసారి మిరపకాయ కోతకు వెళ్లినప్పుడు రోజంతా వంగితే 300 వచ్చాయి. ఆ లెక్క ఆమెకు చెప్పలేదు. ఆమెకూ కలిపి టికెట్ తీసుకున్నా. అమ్మ బాత్‌రూమ్‌కు వెళ్లొస్తానంది. వీడేమో ఆగడం లేదు. ఆమె చేతికి కట్టాల్సిన కాగితం బ్యాండు నా బ్యాగులో వేసుకుని, వచ్చేస్తుందిలే అని లోపలికి వెళ్లిపోయా.

ఇరవై నిమిషాలైనా రాలేదు. అద్దంలోంచి చూస్తే బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమె పక్కన ఇద్దరు ఆడపిల్లలు. పద్దెనిమిది, పందొమ్మిది ఏళ్లుంటాయి. ఒకరి ఒళ్లో పాలసీసా, డైపర్ల సంచి. బెంచీ మీద గోడకు బోర్డు: "మెయిడ్స్ అండ్ డ్రైవర్స్ ఆర్ నాట్ అలోవ్డ్ ఇన్‌సైడ్. హైజీన్ కారణాల వల్ల."

గేటు దగ్గర కుర్రాడు అమ్మను చూశాడు. నేత చీర, ముంజేతి మీద పచ్చబొట్టు, ఎండకు కాగిన మొహం, చేతిలో జీళ్లు కట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచి. "ఆయాలు అక్కడ కూర్చోవాలి" అని వేలు చూపించాడు. అమ్మ వెళ్లి కూర్చుంది. ఎందుకని అడగలేదు. ఎక్కడ కూర్చోవాలో ఎవరో ఒకరు వేలితో చూపించడం ఆమెకు అరవై ఏళ్ల అలవాటు.

నాకు ఒళ్లు మండిపోయింది. గేటు దగ్గరికి వచ్చి గట్టిగా అరిచా. "ఆమె ఆయా కాదు, మా అమ్మ!"

హాలంతా తిరిగి చూసింది. కౌంటర్ వెనక నుంచి ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "సారీ మేడమ్, మీ అమ్మగారని తెలీదు మేడమ్." గుర్తుపట్టాను. నా పాత విద్యార్థిని. డిగ్రీ మొదటి సంవత్సరంలో జాషువా 'గబ్బిలం' చెబుతుంటే ముందు బెంచీలో కూర్చుని రాసుకున్న పిల్ల. గుళ్లోకి తనకు ప్రవేశం లేని మనిషి, ఏ అడ్డూ లేకుండా లోపల తిరిగే గబ్బిలంతో శివుడికి కబురు పంపడమేమిటని చర్చ పెడితే నాలుగు పేజీలు రాసిన పిల్ల. మాలాగే పల్లె పిల్ల. ఇప్పుడు ఆమెను గుమ్మానికి కాపలా పెట్టారు.

అమ్మను లోపలికి తీసుకెళ్లా. సాక్సులు వేశా. మనవడితో పాటు బంతుల తొట్టి అంచున కూర్చుంది, నవ్వింది. గెలిచాననుకున్నా.

సాయంత్రం బస్సులో అమ్మ మెల్లగా అంది: "అమ్మాయ్, నువ్వు అరిచిన మాట ఆ ఇద్దరు పిల్లలు కూడా విన్నారే. ఒకమ్మాయిది మన సత్తెనపల్లి దగ్గరంట. తల దించేసుకుంది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దళిత ఆత్మకథల్లో బాల్యం మీద డాక్టరేట్ తీసుకున్నదాన్ని. వేదికలెక్కి మాట్లాడేదాన్ని. నా నోటి నుంచి వచ్చిన మాట ఏమిటి? ఆమె ఆయా కాదు, మా అమ్మ. అంటే ఆయా అయితే బయట కూర్చోబెట్టడం న్యాయమేనా? ఆ వాక్యంలో నేను బోర్డును ఎదిరించలేదు. బోర్డును ఒప్పుకుని, మా అమ్మను మాత్రం దాని కిందనుంచి లాక్కున్నాను. మినహాయింపు అడిగాను. చదువుకుని ఉద్యోగాలు తెచ్చుకున్న మనలో చాలామంది రోజూ చేస్తున్న పని ఇదే. తలుపు వేసినందుకు మనకు కోపం లేదు, మనల్ని బయట ఉంచి వేసినందుకే కోపం. నాకైతే ఆ రోజు అంతే.

ఇంకో సంగతి మూడు రోజుల తర్వాత జరిగింది. ఇంట్లో మావాడు దిండ్లు పేర్చి ప్లే జోన్ కట్టాడు. ప్లాస్టిక్ స్టూలు కౌంటర్. పాత బస్సు టికెట్లు చించి నాకొకటి ఇచ్చాడు. అమ్మ చెయ్యి చాపింది. వాడు తల అడ్డంగా ఊపి, గుమ్మం వైపు వేలు చూపించాడు. "ఆయా అక్కడ కూర్చోవాలి."

అమ్మ నవ్వుతూ వెళ్లి గుమ్మం దగ్గర కూర్చుంది. నేను వాడి మీద చెయ్యెత్తాను. "వాణ్ణంటావేంటే" అంది అమ్మ. "వాడు చూసిందే ఆడుతున్నాడు."

అక్కడ తెలిసింది నాకు. పిల్లలు ప్లే జోన్లో నేర్చుకునేది ఎక్కడం, జారడం, గెంతడం మాత్రమే కాదు. తనకు అన్నం పెట్టి, స్నానం చేయించి, నిద్రపుచ్చిన మనిషి ఏ గీత దగ్గర ఆగిపోతుందో కూడా అక్కడే నేర్చుకుంటారు. బడికి వెళ్లకముందే, అ ఆలు రాకముందే, 600 రూపాయలు కట్టి మనమే నేర్పిస్తున్నాం.

ఇప్పుడు సమర్థింపులకు వద్దాం. నాకు వచ్చేవి మూడే.

ఒకటి: "ఇది కులం కాదండీ, హైజీన్." తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి మాటల సంగతి కాస్త తెలుసు. మైల, ముట్టు, అంటు, ఎంగిలి. ఈ మాటలు ఇప్పుడు బోర్డు మీద రాయలేరు, చట్టం పట్టుకుంటుంది. అందుకని దుకాణానికి కొత్త మాట దిగింది. ఆ ఆయా పొద్దున్నుంచి చేసిన పనులు చూడండి. పిల్లకు ముడ్డి కడిగింది. అన్నం కలిపి నోట్లో పెట్టింది. పిల్లను చంకనేసుకుని మాల్ అంతా తిరిగింది. గేటు దాకా ఆమె చేతులు శుభ్రంగానే ఉన్నాయి. గేటు దాటాలంటే మాత్రం మురికైపోయాయా? నిజంగా శుభ్రత గురించే దిగులైతే సబ్బు పెట్టండి, సాక్సులు ఇవ్వండి, జ్వరం వచ్చిన పిల్లలను వెనక్కి పంపండి. జ్వరంతో, కారే ముక్కుతో వచ్చిన పిల్లను 600 తీసుకుని లోపలికి పంపే చోట హైజీన్ గురించి మాట్లాడకండి.

పైన అడగమన్న రెండో ప్రశ్న గుర్తుందా? బంతులు ఎవరు కడుగుతారు? నా విద్యార్థిని తర్వాత ఫోన్లో చెప్పింది. రాత్రి పది దాటాక ఇద్దరు ఆడవాళ్లు వస్తారట. తొట్టిలోంచి బంతులు గోనె సంచులకెత్తి, కడిగి, తుడిచి, మళ్లీ పోస్తారట. ఒకామె తన కూతుర్ని ఇంట్లో వదిలే దిక్కు లేక వెంట తెచ్చుకుంటుందట. ఆ పిల్ల తొట్టి పక్కన అట్టముక్క పరుచుకుని నిద్రపోతుందట. ఒక్కసారి కూడా లోపలికి దూకనివ్వరట, మళ్లీ కడగాలి కదా అని. మీ పిల్లల బంతుల్ని శుభ్రం చేసే చేతులు మురికి ఎలా అయ్యాయో మేనేజ్‌మెంట్లు చెప్పాలి.

రెండు: "ఎవరూ కులం అడగలేదు కదా, మీకు ప్రతిదాంట్లో అదే కనిపిస్తుంది." అడగలేదు, నిజమే. అడగాల్సిన పని లేదు కాబట్టి అడగలేదు. ఇళ్లల్లో పాచిపనికి, పిల్లలను ఎత్తుకోవడానికి ఏ పల్లెల నుంచి ఏ కులాల ఆడపిల్లలు వస్తున్నారో మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర అరగంట నిలబడితే తెలుస్తుంది. ఆ కుర్రాడు మా అమ్మను కులం అడగలేదు. చీర చూశాడు, చేయి చూశాడు, ఒంటి రంగు చూశాడు. "ఆయా" అన్నాడు. పోర్చుగీసు నుంచి మన భాషల్లోకి వచ్చిన ఆ మాటకు మొదటి అర్థం పిల్లలను సాకే మనిషి, అంతే. దానికి బయటి బెంచీని తగిలించింది మనమే.

మూడు: "ప్రైవేటు వ్యాపారం, వాళ్లిష్టం." కాదు. రాజ్యాంగంలో 15(2) చదవండి. దుకాణాలు, హోటళ్లు, చెరువులు, బావులతో పాటు ప్రజా వినోద స్థలాలు అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో ఏ ఒక్క కారణంతోనూ ఎవరినీ అక్కడ ఆపకూడదు. అది సర్కారుకే కాదు, ప్రైవేటు మనుషులకూ వర్తిస్తుంది. 1948 నవంబరు చివర్లో రాజ్యాంగ సభలో దీనిపై చర్చ వచ్చినప్పుడు అంబేద్కర్ "దుకాణం" అన్న మాటను విశాలంగా చదవాలని వివరించారు. అడిగి వచ్చిన వారికి సేవ అందించే చోటు ఏదైనా అందులోకి వస్తుందన్నారు. ఆయనకు తెలుసు, అంటరానితనం చెరువు గట్టు మీదే ఆగిపోదని, అంగట్లోకి కూడా వస్తుందని. అందుకే బోర్డు రాసేవాళ్లు తెలివిగా కులం పేరెత్తకుండా పని పేరు రాస్తారు. చట్టం కులాన్ని పట్టుకుంటుంది. వాళ్లు "మెయిడ్" అన్న మాట పట్టుకుని జారుకుంటారు. జారుడుబల్ల పిల్లలకే కాదు, యజమానులకూ ఉంది.

ఇది మన ఒక్కరి గోడు కూడా కాదు. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన ఉత్తరంలో ఫన్‌టౌన్ అనే వినోదాల పార్కు వస్తుంది. టీవీలో ప్రకటన చూసి ఆరేళ్ల కూతురు అక్కడికి తీసుకెళ్లమంటే, నల్లపిల్లలకు అందులో ప్రవేశం లేదని ఎలా చెప్పాలో తెలియని తండ్రి బాధ అది. అంత పెద్ద పోరాటాన్ని సమర్థించుకుంటూ రాసిన ఉత్తరంలో ఆయనకు ఒక ఆటల పార్కు గుర్తొచ్చింది. ఎందుకంటే దెబ్బ మొదట తగిలేది అక్కడే. పెద్దవాళ్లం నీళ్ల కోసం కొట్లాడిన చరిత్ర మనది. 1927లో మహద్ చెరువు, 1985లో కారంచేడు మంచినీళ్ల చెరువు. కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' క్లాసులో చెప్పేటప్పుడు పిల్లలు ఇప్పటికీ గుక్క తిప్పుకోరు. అయితే నీళ్ల కంటే ముందు పిల్లలకు ఆటలో అవమానం అందుతుంది. దాన్ని మనం చిన్న విషయమని రాయకుండా వదిలేశాం.

గుమ్మం దగ్గరి మనుషుల గురించి కూడా చెప్పాలి. నా విద్యార్థిని పొద్దున పదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉంటుంది. స్టూలు కూడా లేదు. కూర్చుంటే "డల్‌గా కనిపిస్తుంది" అంటారట. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు కావాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించుకున్నాయి. మనకూ కావాలి. నాలుగు గంటల తర్వాత కాళ్లు పీకే పిల్ల ముప్పై మంది పిల్లలను ఎలా కనిపెట్టుకుని చూస్తుంది? ఇది ఆమె హక్కు, మీ పిల్ల భద్రత కూడా. రెండూ వేరు కాదు.

కాబట్టి సార్, పైన చెప్పిన ఏడింటితో పాటు కౌంటర్ దగ్గర ఇవి కూడా అడగండి. నెమ్మదిగా కాదు, పక్కనున్న నలుగురికి వినపడేలా.

మా ఇంట్లో పిల్లను చూసుకునే ఆమెకు టికెట్ తీసుకుంటాను, లోపలికి వస్తుందా?

ఆమె బయట ఆగాలంటే ఎందుకో రాసిస్తారా?

పిల్లలను చూసుకునే మీ సిబ్బందికి కూర్చునే చోటు, నీళ్లు, వాళ్లు వాడుకోవడానికి బాత్‌రూమ్ ఉన్నాయా?

బంతులు కడిగేవాళ్లకు గ్లవ్స్ ఇస్తారా? వాళ్ల పిల్లలు ఖాళీగా ఉండే ఒక పగటిపూట వచ్చి ఆడుకోవచ్చా?

రెండో ద్వారానికి తాళం వేశారా అన్న ప్రశ్నకు, మొదటి ద్వారం ఎవరికి మూశారన్న ప్రశ్నకు నా అనుభవంలో జవాబు ఒకేలా వస్తుంది. మనిషి ప్రాణం విలువ తెలిసినవాడు రెండూ తెరిచి ఉంచుతాడు. తెలియనివాడికి రెండూ భారమే.

ఇదంతా టికెట్ కొనగలిగిన వాళ్ల గురించి. కొనలేని పిల్లల సంగతి? ఆట పిల్లల హక్కని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల ఒప్పందంలో 1992లోనే మన దేశం చేరింది. అందులో 31వ అధికరణం ఆట గురించే. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసుకున్నాం. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, చదువు బాధ్యత రాజ్యానిదని 45వ అధికరణం చెబుతోంది. 1975 నుంచి అంగన్‌వాడీలు ఉన్నాయి, ఆటపాటలతో పూర్వ ప్రాథమిక విద్య వాటి పనుల్లో ఒకటి. మా పల్లె అంగన్‌వాడీకి వెళ్లి చూశాను. ఒకే గది. అందులోనే బియ్యం బస్తా, గుడ్ల ట్రేలు, పొయ్యి, పాతిక మంది పిల్లలు. కాలు చాపే చోటు లేదు, ఇక జారుడుబల్ల ఎక్కడ పెడతారు? వేసవిలో ఎండ తగలకుండా ఆడుకునే నీడపట్టు ఆట గది నిజంగా కావాల్సింది ఆ పిల్లలకు. ప్రతి మండల కేంద్రంలో ఒక కప్పు ఉన్న ఆటశాల, అంగన్‌వాడీ పక్కన ఒక పెద్ద గది, రెండు ఫ్యాన్లు, నాలుగు మెత్తటి పరుపులు. ఇవి అడగడం గొంతెమ్మ కోరిక కాదు. సిమెంటు విగ్రహాలకు, స్వాగత తోరణాలకు డబ్బున్న చోట దీనికీ ఉంటుంది. అడిగేవాళ్లు లేక లేదు.

ఆ ప్లే జోన్ సంగతి ఏమైందంటారా? మేనేజ్‌మెంట్‌కు ఉత్తరం రాశాను. మాట పొల్లుపోకుండా 15(2) రాసి పంపాను. రెండు వారాలకు బోర్డు మారింది. "పేరెంట్స్ ఓన్లీ" అని పెట్టారు. దాంతో మనవళ్లను తెచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు గొడవ చేశారట. ఇంకో నెలకు "ఫ్యామిలీ మెంబర్స్ ఓన్లీ" అయింది. మూడు బోర్డులు మారాయి. బెంచీ మాత్రం అక్కడే ఉంది. దాని మీద కూర్చునేవాళ్లూ మారలేదు. మేం మళ్లీ వెళ్లలేదు. సత్తెనపల్లి దగ్గరి ఆ అమ్మాయికి నేను చెప్పాల్సిన క్షమాపణ బాకీ ఉంది. పేరు కూడా అడగలేదు నేను. అమ్మ అడిగింది, నాకు చెప్పనంది. "నువ్వు కాయితం మీద రాసేస్తావు" అంది.

సార్, మీ పాప పుట్టినరోజుకు పిలిచేవాళ్ల పేర్లు రాసుకుంటున్నారు కదా. పాపను రోజూ ఎత్తుకునే ఆమె పేరు ఆ కాగితంలో మొదట రాయండి. ఆమెకు పిల్లలుంటే వాళ్ల పేర్లు కూడా రాయండి. రాసి, ఆ కాగితం పట్టుకుని ప్లే జోన్లకు ఫోన్ చేయండి. అందరికీ సాక్సులు లెక్కగట్టి ఇస్తామని ఎవరంటారో, అదే మంచి ప్లే జోన్.

దొరికితే నాకూ చెప్పండి. అమ్మ వచ్చే నెల ఊరి నుంచి వస్తోంది.